మంజీర ఒడ్డున మళ్లీ ఇల్లు

2025 ఆగస్టు 27 వినాయక చవితి. మండపాల్లో గణపయ్య కూర్చున్న రోజే కామారెడ్డి మీద వాన విరుచుకుపడింది. రాజంపేట మండలం ఆర్గొండలో ఒక్క రోజులో 40 సెంటీమీటర్లకు మించి కురిసింది. ఆ ప్రాంతంలో ఏడాది పొడవునా పడే వానలో మూడో వంతు కన్నా ఎక్కువ అది. భిక్కనూర్, తలమడ్ల మధ్య రైలు కట్ట కొట్టుకుపోయి పట్టాలు గాలిలో వేలాడాయి. 44వ జాతీయ రహదారి మీద బండ్లు ఎక్కడివక్కడ నిలిచిపోయాయి. కామారెడ్డి పట్నంలో జీఆర్ కాలనీ లాంటి చోట్ల కార్లు కాగితం పడవల్లా కొట్టుకుపోయాయి. నాగిరెడ్డిపేట దగ్గర నూరేళ్లు దాటిన పోచారం ప్రాజెక్టు, కట్టినప్పుడు వేసుకున్న లెక్కలను మించిన నీటిని మోస్తూ, ఎప్పుడు తెగుతుందోనని దిగువ ఊళ్లను నిద్రపోనివ్వలేదు. కట్ట నిలిచింది. ఆ వెంటనే మంజీర నిండి, నిజాంసాగర్ గేట్లెత్తి, పైన మహారాష్ట్ర నుంచి గోదావరి కూడా పొంగి రావడంతో బోధన్ వైపు పొలాలు చెరువులయ్యాయి. హంగర్గా లాంటి ఊళ్ల చుట్టూ నీళ్లు కమ్ముకొని జనాన్ని బయటికి తరలించాల్సి వచ్చింది.

నీళ్లు దిగిపోయాక మిగిలేది బురద. బురద ఎత్తిపోశాక మిగిలేది ఒక ప్రశ్న. పడిపోయిన గోడను మళ్లీ అక్కడే లేపాలా?

నిజామాబాద్, బోధన్ ప్రాంతానికి ఈ ప్రశ్న ఎక్కడి నుంచో అరువు తెచ్చుకున్నది కాదు. ప్రపంచంలో వరదలూ భూకంపాలూ తుపాన్లూ కూల్చిన ప్రతి పట్నం ముందూ ఇదే ప్రశ్న నిలబడింది. దానికి వచ్చిన జవాబులు స్థూలంగా మూడు. ఉన్నచోటే మళ్లీ కట్టుకోవడం. ఉన్నచోటే ఉంటూ నీటికి అడ్డం కట్టడం. మూటాముల్లె సర్దుకొని వేరే చోటికి పోవడం. మూడింటినీ మంజీర, గోదావరి, మూసీ తీరాల జనం చవిచూశారు. అందుకే ఈ చర్చకు కావలసిన సాక్ష్యం చాలావరకు ఇంటి చుట్టూనే దొరుకుతుంది.

ముందు నీళ్ల సంగతి. రెంజల్ మండలం కందకుర్తి దగ్గర గోదావరి తెలంగాణలో అడుగుపెడుతుంది. మంజీర, హరిద్ర అక్కడే వచ్చి కలుస్తాయి. భక్తులకు అది త్రివేణీ సంగమం. వానాకాలంలో చుట్టుపక్కల రైతులకు అదే చోటు గుండెదడ. మహారాష్ట్రలోని బాలాఘాట్ కొండల్లో పుట్టి, బీడ్, లాతూర్, బీదర్ మీదుగా మెదక్ దాటి, 700 కిలోమీటర్లకు పైగా నడిచి వచ్చిన మంజీర అక్కడికి చేరే వేళకు గోదావరి తానే పొంగి ఉంటే ఉపనదికి పోయే దారి ఉండదు. దానికి తోడు కింద పోచంపాడు దగ్గర శ్రీరాంసాగర్ 1091 అడుగుల పూర్తి మట్టానికి నిండితే ఆ నిలువ నీరు వెనక్కి తన్నుతుంది. ‘బ్యాక్‌వాటర్’ అన్న మాట ఈ పల్లెల్లో చదువురాని ముసలమ్మకు కూడా తెలుసు. పై నుంచి వదిలిన నీరు, పక్క నుంచి వచ్చిన నీరు, కింది నుంచి ఎగదన్నిన నీరు ఒక్కచోట చేరితే సోయా, వరి రోజుల తరబడి నీటిలో మురుగుతాయి. వరద వచ్చి పోవడం వేరు, వచ్చి కూర్చోవడం వేరు. కూర్చున్న నీటికి మట్టి గోడ ఆగదు, ఇటుక గోడ చెమ్మబారుతుంది, పైరు వేరు కుళ్లుతుంది.

పాతకాలం వాళ్లు ఈ నీటిని ఎరిగి ఊళ్లు కట్టారు. అశ్మక జనపదానికి రాజధానిగా చరిత్రకారులు గుర్తించే పోదన నగరమే నేటి బోధన్ అని ఎక్కువమంది అభిప్రాయం. రెండున్నర వేల ఏళ్ల పేరున్న ఆ ఊరు మంజీరకు దగ్గరే గానీ మంజీర అంచున లేదు. గోదావరీ మంజీరల నడుమ పట్నం కట్టుకున్న వాళ్లు ఆ నదులకు కొన్ని మైళ్ల ఎడం పాటించారు. ఇందూరు, అంటే నిజామాబాద్, ఖిల్లా గుట్టనూ రఘునాథ చెరువునూ ఆనుకొని ఎదిగింది. చెరువుకు కట్ట, కట్టకు తూము, తూము కింద ఆయకట్టు, నిండితే నీరు దుమికే మత్తడి, మత్తడి కింద వాగు, ఆ వాగు నింపే మరో చెరువు. ఈ గొలుసులో ప్రతి కడియానికీ ఒక జాగా ఉండేది. చెరువు నిండినప్పుడు మునిగి, ఎండాకాలం బయటపడే నేలకు శిఖం అని పేరు. శిఖంలో పుచ్చకాయ పండించుకున్నారు, గొడ్లను మేపుకున్నారు, ఇల్లు మాత్రం కట్టలేదు.

తర్వాత పట్నం పెరిగింది. 1900ల తొలి ఏళ్లలో రైలు వచ్చింది. బోధన్‌లో చక్కెర ఫ్యాక్టరీ వచ్చింది. గల్ఫ్ పైసలు వచ్చాయి. 2005లో నిజామాబాద్ నగరపాలక సంస్థ అయింది. 2011 జనాభా లెక్కల్లో 3 లక్షలు దాటింది. కొత్తగా వచ్చిన జనానికి ఎత్తైన జాగా ఖరీదైనది, లోతట్టు జాగా చవకది. పూలాంగ్ వాగు లాంటి వాగులు పట్నం నడిమధ్యకు వచ్చేశాయి. నిజానికి వాగులు ఎక్కడికీ రాలేదు, పట్నమే వాటి మీదికి పోయింది. ఉమ్మడి రాష్ట్రంలో 2012లో వచ్చిన 168వ నంబరు జీవో ప్రకారం పది హెక్టార్లు, అంతకు మించిన చెరువు అంచు నుంచి 30 మీటర్లు, చిన్న చెరువుకు 9 మీటర్లు, పది మీటర్లు మించి వెడల్పున్న వాగుకు 9 మీటర్లు ఖాళీ వదలాలి. ఎఫ్‌టీఎల్ అంటే చెరువు నిండినప్పుడు నీరు తాకే గీత. ఆ గీతకు అవతల కూడా కొంత నేలను నీటి కోసం వదలడమే బఫర్ జోన్. రూలు బాగానే ఉంది. కానీ ఎఫ్‌టీఎల్ గీత నేల మీద రాయి పాతి చూపకపోతే ప్లాటు కొనే కూలికీ, రిటైరైన పంతులుకూ అది ఎక్కడుందో తెలిసేదెలా? ప్లాటు అమ్మినవాడు పైసలు తీసుకొని పోతాడు. మునిగేది కొన్నవాడు. అందుకే పడిపోయిన ఇంటి ముందు నిలబడి ‘వాగులో ఎందుకు కట్టుకున్నావ్’ అని ఆ మనిషిని అడగడం న్యాయం అనిపించుకోదు.

ఇక జవాబుల దగ్గరికి వస్తే, ఉన్నచోటే ఉంటూ నీటికి అడ్డం కట్టిన జవాబు హైదరాబాద్‌ది. దానికి బోధన్‌తో ఉన్న బంధం చాలామంది మరిచిపోయారు.

1908 సెప్టెంబర్ 28న మూసీ పొంగి నగరాన్ని ముంచింది. సుమారు 15 వేల మంది చనిపోయారు. వేల ఇళ్లు నేలమట్టమయ్యాయి. రాజధానిని అక్కడే ఉంచి, నీటిని పట్టి ఉంచే దారి వెతికారు. మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించారు. నగరానికి ఎగువన రెండు జలాశయాలు కట్టి వరదను అక్కడే ఆపాలనీ, నది ఒడ్డులను ఎత్తుచేసి తోటలుగా ఉంచాలనీ ఆయన సూచన. 1912లో నగరాభివృద్ధి మండలి ఏర్పడింది. 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ పూర్తయ్యాయి. నదికి అడ్డం కట్టడం నేర్చిన ఆ తరం హైదరాబాద్ ఇంజనీర్లే తర్వాత మంజీర మీదికి వచ్చారు. నవాబ్ అలీ నవాజ్ జంగ్ బహదూర్ నేతృత్వంలో 1923లో మొదలైన నిజాంసాగర్ 1931కి పూర్తయింది. కాలువలు పారాయి. చెరుకు పెరిగింది. 1937లో బోధన్ శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ మొదలైంది. ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదిగా పేరుపడింది. బోధన్ చక్కెర వెనక, కొంచెం దూరంగానైనా, మూసీ వరద నేర్పిన పాఠం ఉంది.

ఆ జవాబు నూరేళ్లు పనిచేసింది. పనిచేసిందన్న ధీమాతోనే మూసీ గర్భంలోకి ఇళ్లు దిగాయి. నది రెండు పాయల నడుమ పెద్ద బస్‌స్టేషన్‌ను కూడా కట్టారు. 2025 సెప్టెంబర్ చివరలో రెండు జలాశయాల గేట్లు ఎత్తినప్పుడు మహాత్మాగాంధీ బస్‌స్టేషన్‌లోకి మూసీ వచ్చింది. ప్రయాణికులను తాళ్ల సాయంతో బయటికి తేవాల్సి వచ్చింది. ఆనకట్ట కట్టినంత మాత్రాన దిగువ నేల మునగని నేల కాదు, అరుదుగా మునిగే నేల అవుతుంది. అరుదుగా మునిగే నేలలో ధైర్యం పెరుగుతుంది, ఇళ్లూ పెరుగుతాయి. ఆ అరుదైన రోజు వచ్చినప్పుడు నష్టం పాతదానికన్నా ఎక్కువ. ప్రపంచమంతటా వరద కట్టలను చదివినవాళ్లు చెప్పే మాట ఇది. కామారెడ్డిలో పోచారం కింద ఆ రాత్రి మేలుకున్న ఊళ్లకు దీన్ని ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు.

పైగా జలాశయం తానే పూడిపోతుంది. నిజాంసాగర్ కట్టినప్పుడు 29 టీఎంసీలకు పైగా నీరు పట్టేది. పూడికతో ఇప్పుడు 17.8 టీఎంసీలు. శ్రీరాంసాగర్ 112 టీఎంసీలతో మొదలై నేడు 80 చిల్లరకు తగ్గింది. వరదను ఆపే కడుపు అంతగా కుంచించుకుపోయింది. కాలువ కింద తడిసే ఎకరాల లెక్కలోనే ఈ తరుగుదలను చూస్తున్నారు గానీ, ముంపు లెక్కలో చూడాల్సినంత చూడటం లేదు.

ఇంకో జవాబు, ఊరినే మార్చడం. దీనికి అతి పెద్ద ఉదాహరణ మంజీర పరీవాహకంలోనే ఉంది. లాతూర్ జిల్లా కిల్లారి మంజీరకు ఉపనది అయిన తేర్ణా తీరాన ఉంది. అదీ ఒకప్పటి నిజాం రాజ్యమే. 1993 సెప్టెంబర్ 30, గణేశ్ నిమజ్జనం ముగించుకొని జనం అలిసి పడుకున్న తెల్లవారుజామున భూమి కదిలింది. మట్టితో పేర్చిన రాతి గోడలు, వాటి మీద బరువైన మట్టి మిద్దెలు నిద్రలో ఉన్నవారి మీద కూలాయి. 8 వేల నుంచి 10 వేల మంది దాకా చనిపోయారు. ఆ కంపనం హైదరాబాద్ దాకా తెలిసింది. అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి ఒకటుంది. అప్పటి భూకంప పటంలో కిల్లారి ప్రాంతం ప్రమాదం అతి తక్కువని గుర్తుపెట్టిన మొదటి మండలంలో ఉంది. 2002లో పటాన్ని సవరించి ఆ మొదటి మండలాన్నే తీసేశారు. ‘ప్రమాద ప్రాంతం’ అని మనం గీసే గీత, జరిగినదాన్ని బట్టి వెనక నుంచి గీసేదే. సముద్రమూ, పెద్ద నదీ పక్కన లేని కామారెడ్డి పట్నాన్ని 2025కు ముందు వరద ఊళ్ల జాబితాలో ఎవరు రాసుకున్నారు?

కిల్లారిలో మహారాష్ట్ర ప్రభుత్వం ప్రపంచ బ్యాంకు అప్పుతో రెండు పనులు పక్కపక్కన చేసింది. పూర్తిగా నేలమట్టమైన 52 ఊళ్లను కొత్త చోట్లకు తరలించింది. మిగతా ఊళ్లలో, రెండు లక్షల దాకా ఇళ్లను ఎవరి ఇంటిని వారే, ప్రభుత్వం ఇచ్చిన డబ్బుతో, ఇంజనీర్ల సలహాతో బాగుచేసుకున్నారు. ఒకే భూకంపం, ఒకే ప్రభుత్వం, రెండు దార్లు. ఇంత స్పష్టంగా పోల్చి చూసే వీలు అరుదు.

తరలిన ఊళ్లలో భూమి ఎంత ఉందన్న దాన్ని బట్టి 250, 400, 750 చదరపు అడుగుల ఇళ్లు ఇచ్చారు. భూకంపానికి నిలిచే ఇళ్లు. ఆ మేరకు పని జరిగింది. కానీ కాగితం మీద నిలువూ అడ్డం గీతలు గీసి కట్టిన ఊరు పాత ఊరికన్నా ఎన్నో రెట్లు పరుచుకుంది. వెడల్పు రోడ్లు, దూరదూరపు ఇళ్లు, ఆడవాళ్లు కూర్చొని మాట్లాడుకునే అరుగు లేదు, గొడ్లు కట్టే చోటు లేదు, గడ్డి వాము వేసే జాగా లేదు. అంత పొడవు పైపులైను, అంత పొడవు మురికి కాలువ చూసుకునే స్తోమత పంచాయతీకి లేదు. చేనుకు నడక పెరిగింది. తరువాతి ఏళ్లలో పరిశీలించినవారు, పాత పద్ధతి ఇంటికి జనం తిరిగి మొగ్గడాన్ని, ఇచ్చిన ఇంటి ముందూ పక్కనా తమకు అలవాటైన రీతిలో గదులు కట్టుకోవడాన్ని నమోదు చేశారు. అదే, ఉన్నచోటే బాగుచేసుకున్న ఊళ్లలో ఖర్చు తక్కువ, సంతృప్తి ఎక్కువ అని చాలామంది తేల్చారు. అయితే ఒక మాట మరువకూడదు. భూకంపం విషయంలో ఊరిని వదిలి పక్కకు పోయినా ఆ చుట్టుపక్కల నేలంతా ఒకటే, గోడ గట్టిదైతే ఎక్కడైనా బతకొచ్చు. వరదకు అలా కాదు. నాలుగు మీటర్ల ఎత్తు తేడా, అర కిలోమీటరు దూరం, అంతే చాలు బతుకుకు. కిల్లారి పాఠాన్ని కందకుర్తికి ఉన్నదున్నట్టు అతికిస్తే తప్పవుతుంది.

ఊరు మారడం అంటే ఏమిటో నిజామాబాద్ జిల్లాకు కిల్లారి కన్నా ముందే తెలుసు. నిజాంసాగర్ నింపడానికి నలభై దాకా పల్లెలు ఖాళీ అయ్యాయి. 1963 జులై 26న నెహ్రూ పోచంపాడు దగ్గర పునాదిరాయి వేశాక, ఇటు నందిపేట, బాల్కొండ వైపు, అటు నిర్మల్ వైపు ఊళ్లు ఒక్కొక్కటిగా లేచిపోయాయి. ఎండాకాలం జలాశయం తగ్గితే మునిగిన పాత గుళ్లు బయటపడతాయి, జనం పోయి చూసి, దండం పెట్టి వస్తారు. ముంపు కుటుంబాల్లో ఒకరికి ఉద్యోగం ఇవ్వాలని 1986లో 98వ నంబరు జీవో వచ్చింది. దాని కింద ఉద్యోగం కోసం తరాలు ఎదురుచూసిన ఇళ్లు ఉమ్మడి రాష్ట్రంలో ఎన్నో. పొలం పోయిన చోట ఇల్లు ఇచ్చినా, ఇల్లు ఇచ్చిన చోట పని ఇవ్వకపోతే అది పునరావాసం అనిపించుకోదని ఈ ప్రాంతం అనుభవంతో నేర్చింది. అందుకే ఇవాళ వరద ఊరికి పోయి ‘మీరు ఎత్తు మీదికి మారిపోండి’ అంటే జనం ముఖాల్లో కనిపించే అనుమానాన్ని మొండితనం అనుకోకూడదు. అది తాతల నాటి జ్ఞాపకం.

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు. నిజామాబాద్, కామారెడ్డి, జగిత్యాల పల్లెల్లో ఆ ఇంటికి ఇంకో లెక్క ఉంది. దుబాయిలో, సౌదీలో ఎండలో పదేళ్లు, పదిహేనేళ్లు పనిచేసి పంపిన పైసలతో లేచిన స్లాబు అది. ఒక మనిషి యవ్వనమంతా ఆ గోడల్లో ఉంది. దాన్ని వదిలి రమ్మనడానికి ముందు ప్రభుత్వం చేతిలో ఏముందో చూడాలి. కేంద్ర విపత్తు సహాయ నిబంధనల ప్రకారం 2022–26 మధ్య పూర్తిగా కూలిన ఇంటికి మైదాన ప్రాంతంలో ఇచ్చేది 1.20 లక్షలు. తెలంగాణలో ఇందిరమ్మ ఇంటికి 5 లక్షలు. ఈ డబ్బు ఇల్లు కట్టుకోవడానికి, జాగా కొనుక్కోవడానికి కాదు. చేతిలో ఉన్న జాగా ఏదంటే పాతదే, వాగు ఒడ్డుదే. కాబట్టి సాయం అందుకున్న మనిషి ఆ సాయం వల్లనే మళ్లీ నీటిలోకి పోతాడు.

చట్టంలోనూ ఇదే వెలితి. ప్రాజెక్టు కోసం ఊరు ఖాళీ చేయిస్తే 2013 భూసేకరణ చట్టం ప్రకారం పరిహారం, పునరావాసం హక్కుగా అడగొచ్చు. అదే ఊరు వరదలో కూలి లేచిపోవాల్సి వస్తే అలాంటి హక్కు లేదు, దయ ఉంది. 15వ ఆర్థిక సంఘం 2021–26కు నది కోత వల్ల ఇళ్లు పోయినవారిని వేరేచోట నిలపడానికి వెయ్యి కోట్లు విడిగా కేటాయించింది. మంచి ఆరంభం. అది ఒడ్డు తెగి నేలే నదిలో కలిసిపోయేవారికి. నేల ఉంటుంది గానీ ఏటేటా మునుగుతుంది అనేవారికి అలాంటి పద్దు కనబడదు.

బయట దేశాల్లో డబ్బుకు కొదవ లేదు కదా, అక్కడైనా తేలిందా? అమెరికాలోని న్యూ ఆర్లీన్స్ 2005 కత్రినా తుపానుకు ఎనభై శాతం మునిగింది. 2006 జనవరిలో నగర కమిషన్ ఒకటి లోతట్టు పేటలను పార్కులుగా మార్చే పటం పత్రికలకెక్కించింది. పార్కు గుర్తుగా పెట్టిన పచ్చ చుక్కలు ఎక్కువగా నల్లజాతి వారి పేటల మీద పడ్డాయి. తమ ఇళ్ల మీద చుక్క చూసుకున్న జనం భగ్గుమన్నారు. ఆ ఆలోచన అక్కడితో ఆగిపోయింది. తర్వాత వెయ్యి కోట్ల డాలర్లకు పైగా ఖర్చుతో కట్టలు ఎత్తారు. 2000లో 4.84 లక్షలున్న జనాభా 2010కి 3.43 లక్షలకు పడిపోయింది. ఎవరు తిరిగి రావాలో ఎవరూ నిర్ణయించలేదు, జేబు నిర్ణయించింది. అదే దేశంలో ఇల్లినాయ్ రాష్ట్రంలోని వాల్మేయర్ అనే తొమ్మిది వందల మంది చిన్న ఊరు 1993 మిసిసిపీ వరద తరువాత రెండు మైళ్ల అవతల గుట్ట మీదికి మారింది. ఊరంతా కూర్చొని చర్చించుకొని, చర్చీ బడీ పంచాయతీ అన్నీ కలిసి పోయాయి గనుక నిలిచింది. జపాన్‌లో 2011 సునామీ తుడిచేసిన రికుజెన్‌తకాతాలో పక్క కొండను తవ్వి, బెల్టుల మీద మట్టి మోసి పట్నం నేలనే పది మీటర్ల దాకా ఎత్తు చేశారు. ఆ పని ముగిసే వేళకు ఏళ్లు గడిచి, చాలామంది వేరే పట్నాల్లో స్థిరపడిపోయారు. ఎత్తు చేసిన నేల మీద ఖాళీ ప్లాట్లు మిగిలాయి.

వీటన్నిటిలో బోధన్ రైతు మనసుకు దగ్గరగా వచ్చేది నెదర్లాండ్స్‌ది. ‘నదికి చోటివ్వడం’ అన్న పథకంలో ఓవర్‌డీప్ అనే లంకపొలాల దగ్గర కట్ట ఎత్తు తగ్గించి, పెద్ద వరదలో పొలాలు మునిగేలా వదిలేశారు. రైతులు ముందే కూర్చొని తామే ఒక ప్రణాళిక ఇచ్చారు. ఇళ్లూ పశువుల కొట్టాలూ మాత్రం ఎత్తైన మట్టిదిబ్బల మీద కట్టుకుంటాం, పొలం కింద ఉంటుంది, మునిగినప్పుడు పరిహారం ఇవ్వండి అన్నారు. కొందరు వేరేచోటికి పోయారు, ఉన్నవారు దిబ్బల మీద నిలిచారు. పొలానికి దూరం కాలేదు, ఇల్లు మునగదు. నదిని మొత్తంగా ఆపలేమని ఒప్పుకొని, ఎక్కడ మునగొచ్చో ఎక్కడ మునగకూడదో విడదీయడమే అక్కడ జరిగిన పని.

మన తీరాంధ్ర కూడా ఇంకొక దారి చూపింది. 1977 నవంబర్ 19 ఉప్పెన దివిసీమను ఊడ్చేసినప్పుడు మృతులు పది వేలు దాటారు. జనం దివిసీమను వదల్లేదు, వదలలేరు, నేల అంత సారవంతం. అయితే తుపాను షెల్టర్లు వచ్చాయి, హెచ్చరికలు మెరుగయ్యాయి. 1990 మే తుపానుకు లక్షల మందిని ముందే తరలించారు. మరణాలు వెయ్యి లోపు ఆగాయి. ఇటు తెలంగాణలోని భద్రాచలంలో 1986 ఆగస్టులో గోదావరి 75.6 అడుగులకు చేరింది, 2022 జులైలో 71.3 అడుగులు. నడుమ కరకట్ట వచ్చింది, హెచ్చరిక మట్టాలు ఊరందరికీ కంఠతా వచ్చాయి. ప్రాణం నిలుస్తుంది, ఇల్లు మునుగుతుంది. తుపాను మూడు రోజుల ముందు కబురు పెడుతుంది, గోదావరి ఒక రోజు ముందు. ఆర్గొండలో పడినలాంటి వాన కబురు పెట్టదు. చెరువు తెగిన నీరు పక్క వీధికి చేరడానికి గంట పట్టదు. కాబట్టి దివిసీమ సూత్రం కామారెడ్డి కాలనీలకు సగమే పనిచేస్తుంది.

ఇన్ని చూశాక తేలే సంగతి, ‘ఈ పట్నాన్ని మళ్లీ కట్టాలా వద్దా’ అని పట్నం పట్నాన్నంతా ఒక ముద్దగా చేసి అడిగితే జవాబు రాదు. నిజామాబాద్‌నూ కామారెడ్డినీ బోధన్‌నూ ఎవరూ ఎత్తుకుపోలేరు, పోనక్కర్లేదు. ప్రశ్నను వాడ వాడకూ, గల్లీ గల్లీకీ, కొన్నిచోట్ల గుమ్మం గుమ్మానికీ దించాలి. వాగు నడిచే దారిలో, చెరువు శిఖంలో, మత్తడి కింద ఉన్న ఇల్లు మళ్లీ అక్కడ లేవకూడదు. ఆ మాట ఖచ్చితంగా చెప్పాలి. ఆ ఇంటివారికి అదే పట్నంలో, అదే బడికి, అదే అడ్డాకు నడిచిపోయేంత దగ్గర, జాగా ఇచ్చి మరీ చెప్పాలి. కూలి అడ్డా ఒకచోట, కాలనీ ఊరి బయట పది కిలోమీటర్ల అవతల అయితే ఆర్నెల్లలో వాళ్లు మళ్లీ వాగు ఒడ్డునే గుడిసె వేసుకుంటారు. ఖాళీ అయిన జాగాను వెంటనే మైదానంగానో తోటగానో మార్చి నీటికి అప్పగించకపోతే ఇంకొకరు వచ్చి ప్లాట్లు కొడతారు. లోతు తక్కువగా మునిగే పేటలకు తరలింపు అక్కర్లేదు. పునాది ఎత్తు, కరెంటు బోర్డు ఎత్తు, కాలువ వెడల్పు చూసుకుంటే చాలు.

మంజీర ఒడ్డు పల్లెల లెక్క వేరు. అక్కడ ఊరిని మార్చాలంటే మొత్తంగా మార్చాలి, గుడీ మసీదూ బడీ శ్మశానం సహా, పొలానికి దగ్గరున్న ఎత్తు నేల మీదికి. సగం ఊరు మారితే మిగిలిన సగానికి బస్సు రాదు, బడి మూతపడుతుంది. ఊరు మారనంటే దిబ్బ మీద ఇల్లు అన్న పద్ధతి ఆలోచించాలి. ఏదైనా గ్రామసభలో తేలాలి, పటం మీద చుక్క పెట్టి పత్రికలకెక్కిస్తే న్యూ ఆర్లీన్స్ గతే. బ్యాక్‌వాటర్ వల్ల వరుసగా మునిగే పొలానికి ప్రకృతి విపత్తు పద్దు కింద చిల్లర సాయం సరికాదు. ఆ నీరు ప్రాజెక్టు నిలుపుకున్న నీరు, దాని కింద పండే లక్షల ఎకరాల తరఫున ఈ పొలాలు మోస్తున్న భారం. దానికి తగ్గ పరిహారం రైతు హక్కు.

ఈ ప్రాంతం మరో రకం ఖాళీతనాన్నీ చూసింది. 2002లో ప్రైవేటు చేతికి పోయి, 2015 డిసెంబర్‌లో మూతపడిన శక్కర్‌నగర్ ఫ్యాక్టరీ, ఏ వరదా చేయలేనంతగా బోధన్‌ను కుంగదీసింది. చెరుకు బండ్లు ఆగాయి, రైతు వరికీ సోయాకూ మారాడు. 2024లో ప్రభుత్వం పునరుద్ధరణకు కమిటీ వేసింది. ఆ గేటు తెరుచుకోవాలని కోరుకునే మనిషి ముంపు చర్చలోనూ దాన్ని తలుచుకోక తప్పదు. పని ఉన్న పట్నం తన ముంపు వాడను మరోచోటికి మార్చుకునే శక్తి కలిగి ఉంటుంది. పని పోయిన పట్నంలో మనిషి చవక జాగా వెతుక్కుంటూ మళ్లీ వాగు దిక్కే నడుస్తాడు.

2025 ఏప్రిల్ నుంచి అమలులోకి వచ్చిన విపత్తు నిర్వహణ చట్ట సవరణ, నగరపాలక సంస్థలున్న పట్నాలకు ప్రత్యేకంగా పట్టణ విపత్తు నిర్వహణ సంస్థను పెట్టుకునే వీలు రాష్ట్రాలకు ఇచ్చింది. నిజామాబాద్ ఆ అర్హత ఉన్న పట్నమే. అలాంటి సంస్థ వస్తే దానికి మొదటి రోజు పని కొత్తగా వెతుక్కోనక్కర్లేదు. ప్రతి వరద తరువాతా రెవెన్యూ సిబ్బంది ఇల్లిల్లూ తిరిగి పంచనామా రాస్తారు. ఏ ఇంట్లోకి నీళ్లు వచ్చాయో, ఏ గోడ పడిందో, ఏ సర్వే నంబరు మునిగిందో అందులో ఉంటుంది. సాయం పంచాక ఆ కాగితాలు తహసీల్ ఆఫీసు బీరువాలోకి పోతాయి. 2025 ఆగస్టు, సెప్టెంబర్ పంచనామాలను తీసి, ఒక్కో ఇంటినీ పటం మీద గుర్తుపెట్టి, ఆ పటాన్ని లేఅవుట్‌కు అనుమతి ఇచ్చే టేబుల్ మీద, రిజిస్ట్రేషన్ ఆఫీసు గోడ మీద, గ్రామ పంచాయతీ గడప దగ్గర అతికించాలి. కొనేవాడు సంతకం పెట్టేముందు చూసుకోవాలి. మృగశిర కార్తెకు ముందే ఆ పని కావాలి. ఎందుకంటే నీళ్లు దిగిన ఇళ్లలో చాలావాటికి కొత్త ఇటుక అప్పుడే దిగుతోంది.